లుపే చేతిలో బైబిల్

సినివాకు అత్తగారింట్లో ఒంటరిగా కూర్చునే చోటంటూ లేదు. మా దీవుల్లో ఇళ్ళకు గోడలుంటే కదా! స్తంభాలు, పైకప్పు, వానొస్తే దించుకునే కొబ్బరాకు తడికలు, అంతే. ఎవరు తింటున్నారో, ఎవరు అలిగి పడుకున్నారో రోడ్డున పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. అలాంటి ఇంట్లో కోడలికి దుఃఖం వస్తే ఎక్కడ పెట్టుకోవాలి? కూతురు పోయిన రోజు నుంచి సినివా ఏడవలేదు. ఏడుస్తుందేమోనని ఊరంతా కాచుకుని చూసింది. "పాపం, గుండె రాయి చేసుకుంది" అన్నారు మొదట్లో. కొన్నాళ్ళకు "దానిది రాతిగుండె" అన్నారు. చూడటానికి వచ్చినవాళ్ళను అంతసేపు కూర్చోబెట్టి ఏడవకపోతే మరి కోపం రాదా?

సినివాది జలసంధికి అవతలున్న పెద్ద దీవి. పెళ్ళయి ఇక్కడికొచ్చింది కనుక ఆమె పరాయి ఊరి పిల్ల, వండేది, వడ్డించేది, అందరూ తిన్నాక మిగిలింది తినేది. మొగలాకు చాప అల్లడంలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్ళు లేరు. అయినా ఆ చాపలు ఎవరింటికైనా కానుకగా వెళ్ళేటప్పుడు అత్తగారు ఎసెతా పేరు మీదే వెళ్ళేవి. ఆడపడుచు లెపేకా బడిలో టీచరు, పెళ్ళి చేసుకోలేదు. మా దగ్గర అన్నదమ్ములకు అక్కచెల్లెళ్ళ మాటంటే శాసనం. సినివా మొగుడు ఇయోపు మంచివాడే కానీ తల్లి ముందు, చెల్లెలి ముందు అతని నోరు పెగలదు. సగం ఏడాది న్యూజిలాండ్ తోటల్లో పళ్ళు కోసే పనికి వెళ్ళిపోతాడు, మిగతా సగం ఇంట్లో ఉండి కూడా లేనట్టే ఉంటాడు.

అల వచ్చిన రోజు సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. పొద్దున్నే భూమి ఊగింది. ఊగడం మాకు కొత్త కాదు. జనం బద్ధకంగా రోడ్డెక్కారు, జాగ్రత్తపరులు కొండదారి పట్టారు. ఎసెతా కూడా కొడుకు ఇయోపు చెయ్యి పట్టుకుని, కోడలూ మనవరాలూ వెంట రాగా సగం ఎత్తు ఎక్కింది. అక్కడ ఆగి, "నా గొడుగు!" అంది. ఆక్లండ్‌లో ఉన్న పెద్దకొడుకు పంపిన ఊదారంగు గొడుగది. వానున్నా లేకున్నా పాస్టరుగారి గుడికి వేసుకుపోయేది.

"లుపే, పరిగెత్తుకుపోయి గొడుగు తే. ఎండెక్కితే నా తల తిరుగుతుంది."

లుపేకి ఆరేళ్ళు. చేతిలో సగం తిన్న రొట్టె ఉంది, నోట్లో ఊగుతున్న పన్ను ఉంది. "నేను పోను నానమ్మా. ఇప్పుడే కదా ఎక్కాం? నాకు కాళ్ళు నొప్పి" అని మొండికేసింది. ఎవరూ పిల్ల వంక చూడలేదు, అందరూ పిల్ల తల్లి వంక చూశారు. నానమ్మ మాట వినని పిల్లంటే దాని తల్లి పెంపకానికే తలవంపులు. సినివా మొహం ఎర్రబడింది.

"వెళ్ళు. నానమ్మ చెప్పింది కదా, వెళ్ళు" అంది.

పిల్ల మొహం ముడుచుకుని, రొట్టె కొరుక్కుంటూ దిగింది. తర్వాత సముద్రం వెనక్కి పోయింది, ఆ తర్వాత ముందుకొచ్చింది. మర్నాడు మడచెట్ల వేళ్ళ మధ్య లుపే దొరికింది. గొడుగు దొరకలేదు. కొన్నాళ్ళపాటు ఎసెతా గొడుగు సంగతి కూడా వాకబు చేసింది. ఆవిడ దుర్మార్గురాలని కాదు. పోయిన వస్తువులన్నిటినీ అడిగినట్టే దాన్నీ అడిగింది.

అప్పటి నుంచి సినివాకు ఒక జబ్బు పట్టుకుంది. ఎవరైనా "వెళ్ళు" అంటే చాలు, ఉన్నచోటే నిలబడిపోయేది. చేతిలో బిందె ఉంటే బిందెతో, కత్తి ఉంటే కత్తితో. కళ్ళు తెరిచే ఉండేవి, కాళ్ళు మాత్రం కదిలేవి కావు. "చూడండమ్మా, ఎంత పొగరో! పని చెబితే స్తంభంలా నిలబడుతుంది" అని ఎసెతా దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించేది. నిద్ర కూడా పోయింది. మొగలాకు చీల్చేటప్పుడు వేళ్ళు కోసుకునేది, కోసుకున్నట్టు కూడా తెలిసేది కాదు.

అలాంటప్పుడు లువీసా వచ్చింది. ఇక్కడే పుట్టి ఆక్లండ్‌లో పెరిగిన పిల్ల. అల దెబ్బ తిన్న ఊళ్ళు తిరిగి జనం మనసులు కుదుటపరచడం ఆమె ఉద్యోగం. ఊళ్ళో ఆమెకు మనసు నర్సని పేరు పెట్టారు. మా భాష మాట్లాడేది కానీ సగం మాటలు ముక్కుతో పలికేది. సినివా దగ్గర చాలాసేపు కూర్చుని ఒక్క మాట కూడా రాబట్టలేక, చివరికి ఒక నోటుపుస్తకం తీసి ఒళ్ళో పెట్టింది.

"నాతో మాట్లాడొద్దులే సినివా. దీంట్లో రాయి."

"నాకు రాయడం రాదండీ. బడి మానేసి చాలా కాలమైంది."

"బాగా రాయమని ఎవరన్నారు? రోజూ ఇరవై నిమిషాలు, చెయ్యి ఆపకుండా రాయి. తప్పులు దిద్దుకోకు. ఏది బరువుగా ఉంటే అదే రాయి. ఎవరికీ చూపించకు, నాకు కూడా చూపించకు. రాసి పొయ్యిలో వేసినా సరే."

"దీంతో ఏమవుతుందండీ?"

"ఏమవుతుందో నువ్వే చెబుదువుగాని. నాలుగు రోజులు చూడు."

ఒంటరిగా కూర్చునే చోటు లేదన్నాను కదా, ఒక్క చోటుంది. ఇంటి వెనక పొయ్యి పాక. మేం చేమదుంపలూ సీమపనసకాయలూ కాల్చిన రాళ్ళ మధ్య పెట్టి వండుతాం. రాళ్ళు ఎర్రబడేదాకా అక్కడ ఒకరు కాపలా ఉండాలి. ఆ పొగలోకి కోడలు తప్ప ఎవరూ రారు. సినివా అక్కడ కొబ్బరి మొద్దు మీద కూర్చుని రాసింది. మొదటిరోజు ఆరోజు ఎండెలా ఉందో రాసింది, గొడుగు రంగు రాసింది. రెండోరోజు రొట్టె గురించీ ఊగే పన్ను గురించీ రాసింది. మూడోరోజు ఎసెతాను తిట్టింది. పెళ్ళయినప్పటి నుంచి మింగిన తిట్లన్నీ వరసగా కక్కింది. నాలుగోరోజు రాళ్ళు కాలి చల్లారిపోతున్నా చెయ్యి ఆపలేదు. "వెళ్ళమన్నది నేను. దానికి వెళ్ళాలని లేదు. పదిమందిలో నా పరువు పోతుందని వెళ్ళమన్నాను" అని రాసింది. అప్పుడు ఏడుపొచ్చింది. పొగ కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు ఎసెతా, "వెళ్ళి కట్టెలు తే" అంది. సినివా కాళ్ళు కదిలాయి.

మనసు నర్సు చెప్పింది నిజమే. రాస్తే తగ్గింది. సినివా నిద్రపోయింది, తింది, చాప అల్లుతూ ఒకసారి కూనిరాగం కూడా తీసింది. పుస్తకాన్ని పొయ్యిలో వెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఊళ్ళో జనం నోట లుపే అప్పటికే దేవతైపోయింది. రొట్టె కొరుక్కుంటూ, మూతి ముడుచుకుని, కాళ్ళు నొప్పని మొండికేసిన లుపే ఆ పుస్తకంలోనే మిగిలింది. దాన్ని చాప చుట్టలో దాచుకుంది.

ఇక మా మహిళా కమిటీ సంగతి చెప్పాలి. నెలకోసారి కమిటీ ఇల్లిల్లూ తనిఖీ చేస్తుంది. దుప్పట్లు, పళ్ళేలు, దోమతెరలు అన్నీ చాపల మీద పరిచి పెట్టాలి. మరుగుదొడ్డి కడిగి తలుపు తెరిచి ఉంచాలి. బాగాలేకపోతే జరిమానా, బాగుంటే నలుగురినీ పిలిచి చూపిస్తారు. ఈ తనిఖీల వల్లే మా పిల్లలకు విరేచనాలు తగ్గాయి, అది కాదనను. కమిటీకి పెద్ద పాస్టరుగారి భార్య, అందరికీ పాస్టరమ్మ. రాసుకుంటే ఆరోగ్యానికి మంచిదని లువీసా చెప్పిన మాట ఆవిడ చెవిన పడింది. ఆరోగ్యం అన్నాక అది కమిటీ పనే కదా! ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు రాయాలనీ, పుస్తకాలు దుప్పట్ల పక్కన పెట్టాలనీ ఆదివారం గుళ్ళో ప్రకటించేసింది.

లువీసా పరుగెత్తుకుంటూ వచ్చింది. "పాస్టరమ్మగారూ, అవి ఎవరూ చదవకూడదండీ."

"అయ్యో, ఎందుకు చదువుతామమ్మా? పేజీలు నిండాయో లేదో చూస్తాం, అంతే. చూడకపోతే మావాళ్ళు రాస్తారనుకున్నావా?"

లువీసాకు ఆ మాట సబబుగానే తోచింది. అక్కడే కొంప మునిగింది. దాచుకోవడమంటే ఏమిటో మా ఊరికి తెలియదు. ఇక్కడ దాచిన దుప్పటంటే మాసిన దుప్పటే.

తనిఖీ రోజుకు చాలామంది కీర్తనలు ఎక్కించి పేజీలు నింపారు. ఒకావిడ తోడికోడల్ని తిట్టాల్సిన తిట్లన్నీ రాసి, పేరు మాత్రం పెట్టకుండా వదిలేసింది. తోడికోడలు అదే పుస్తకం చూసి, "ఎవరోగానీ పాపం" అని జాలిపడింది. సినివా కూడా చూపించడానికి వేరే పుస్తకం సిద్ధం చేసుకుని అందులో నాలుగు కీర్తనలు రాసి పెట్టింది. ఆమె బావి దగ్గరుండగా ఎసెతా చాపలు పరుస్తూ అసలు పుస్తకం చూసింది. కళ్ళజోడు లేకుండా ఆవిడకు అక్షరం కనబడదు. ఒకటి బోసిగా ఉంది, ఒకటి నిండుగా ఉంది. బోసిది పెడితే ఇంటి పరువేం కావాలి? నిండుదే పెట్టింది.

పాస్టరమ్మ పేజీలు తిప్పింది. నిండాయో లేదో చూడటానికే తిప్పింది పాపం. మూడో పేజీ దగ్గర చెయ్యి ఆగింది, ఐదో పేజీ దగ్గర అందరి మధ్యా కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులో నటన లేదు. సినివా బావి నుంచి వచ్చేసరికి వాకిట్లో అంతమంది ఆడవాళ్ళు చుట్టూ మూగి ఉన్నారు.

"ఇంత బాగా రాశావేమిటే అమ్మాయ్! నీలో ఇంత ఉందని ఎవరికి తెలుసు?" అని పాస్టరమ్మ ఆమెను కావిలించుకుంది.

సినివా పుస్తకం కోసం చెయ్యి చాచింది. అది అప్పటికే లెపేకా చేతిలో ఉంది.

ఆ వారమే పాస్టరుగారి ఇంట్లో కమిటీ కూర్చుంది. అమ్మల ఆదివారం నాడు సినివా చేత ఇది గుళ్ళో చదివించాలన్నారు. ఒక్కటే చిక్కొచ్చింది.

"అంతా బాగుంది. ఆ గొడుగొక్కటే పంటికింద రాయిలా ఉంది" అంది పాస్టరమ్మ. "గొడుగు కోసం పిల్ల పోయిందంటే వినేవాళ్ళకెలా ఉంటుంది చెప్పండి?"

ఎసెతా తల దించుకుంది. లెపేకా గొంతు సవరించుకుంది. "మా అమ్మ బైబిల్ కూడా ఆరోజు ఇంట్లోనే ఉండిపోయిందండీ."

"అదీ! బైబిల్ ఇంట్లో ఉంది, పిల్ల ఇంట్లోకి వెళ్ళింది. ఇందులో అబద్ధమేముంది?"

"గొడుగు కోసమండీ వెళ్ళింది" అంది సినివా గుమ్మం దగ్గర్నుంచి. ఆ సభలో ఆమె అన్నది ఆ ఒక్క మాటే.

"వదినా, టీ నీళ్ళు మరిగాయేమో చూడు" అంది లెపేకా.

టీ వచ్చేసరికి ఇంకో రెండు మార్పులు జరిగిపోయాయి. అత్తగారి మీది తిట్లు మొత్తం కొట్టేశారు, అది సహజమే. తల్లి వెళ్ళమన్న మాట కూడా తీసేశారు. "అది నీ మంచికేనమ్మా. నిన్ను ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా" అంది పాస్టరమ్మ. కొత్త కాగితంలో తల్లి వద్దు వద్దంటున్నా లుపే నవ్వుతూ దేవుడి పుస్తకం కోసం పరుగెత్తింది. లెపేకా దాన్ని టైపు చేయించి, తడవకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించింది. "ఇక్కడ ఆగు", "ఇక్కడ గొంతు వణకాలి" అని పక్కన గుర్తులు పెట్టింది.

అమ్మల ఆదివారం నాడు గుడి గుడంతా ఏడ్చింది. తర్వాత విదేశాల దాతలొచ్చారు, వాళ్ళ కోసం మళ్ళీ చదివించారు. లెపేకా పక్కన నిలబడి ఇంగ్లిషులో చెప్పేది. దాతలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కమిటీ హాలుకు పైకప్పొచ్చింది, కుట్టుమిషన్లొచ్చాయి. ఇంకొకరొచ్చారు, మళ్ళీ చదివించారు. పక్క ఊళ్ళవాళ్ళు కుళ్ళుకుని, తమ కోడళ్ళను కూడా రాయమని కూర్చోబెట్టారట. వాళ్ళకు సినివా అంత బాగా కుదరలేదు.

మొదట్లో చదివేటప్పుడు సినివా మనసులో గొడుగనే అనుకునేది. నోరు బైబిల్ అంటుంటే మనసు గొడుగనేది. రానురాను మనసు కూడా అలసిపోయింది. అసలు పుస్తకం తిరిగి ఆమె చేతికి రానేలేదు. ఒకరోజు పొయ్యి పాకలో కూర్చుని, కొత్త కాగితం మీద మళ్ళీ మొదటి నుంచి రాద్దామని కలం పట్టింది. "నానమ్మ బైబిల్ అడిగింది" అని రాసింది చెయ్యి. కొట్టేసింది. మళ్ళీ రాసింది. "లుపే నవ్వుతూ" అని రాసింది. కాగితం చించి కళ్ళు మూసుకుంది. కొండదారి కనిపించింది, పిల్ల దిగుతోంది. దాని చేతిలో రొట్టె ఉండాలి. లేదు. నల్ల అట్ట బైబిల్ ఉంది.

పిల్లను సముద్రం తీసుకుపోయింది, అది సముద్రం బుద్ధి. ఈ మిగిలిన కాస్తనూ మనుషులు తీసుకుపోతున్నారు. ఇంకో నాలుగుసార్లు చదివితే రొట్టె పోతుంది, పన్ను పోతుంది, "నేను పోను నానమ్మా" అన్న ఆ గొంతు పోతుంది. తన కడుపున పుట్టిన పిల్ల పోయి, కమిటీ కన్న పిల్ల మిగులుతుంది. ఆ భయం ముందు అత్తగారి భయం చిన్నదైపోయింది.

మొగుడికి ఫోన్ చేసి చెప్పింది.

"బైబిల్ అంటే మనకొచ్చిన నష్టమేంటి సినివా? అమ్మకి వయసైపోయింది. పోనీలే" అన్నాడు ఇయోపు.

"నీకు గుర్తుందా, దాని చేతిలో ఏముందో?"

"ఎప్పుడు?" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన దాతల బృందం పెద్దది. ఊరికి మంచినీళ్ళ ట్యాంకు ఇస్తారని చెప్పుకున్నారు. వాళ్ళతో లువీసా కూడా వచ్చింది. సమావేశపు ఇంట్లో ఊరంతా చాపల మీద వరసగా కూర్చుంది. అతిథులకు పూలదండలు వేశారు, కొబ్బరిబొండాలిచ్చారు. సినివాను ముందుకు పిలిచారు. ఆమె వచ్చి ప్లాస్టిక్ కాగితాన్ని చాప మీద పెట్టేసింది. పాస్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి.

"నా కూతురు లుపే అంత మంచి పిల్లేం కాదు" అంది సినివా. "మొండిది."

లెపేకా ఒక్క క్షణం తడబడింది. టీచరు కదా, వెంటనే సర్దుకుంది. "నా కూతురు లుపే మా ఇంటి దీపం" అని ఇంగ్లిషులో అంది.

"ఆరోజు దాని చేతిలో రొట్టె ఉంది. వాళ్ళ నానమ్మ గొడుగు తెమ్మంది. గొడుగు."

"వాళ్ళ నానమ్మ తన బైబిల్ కోసం బెంగపడింది."

ఇంగ్లిషు సినివాకు రాదు. కానీ అన్నిసార్లు విన్నాక ఏ మాట ఎక్కడ పడుతుందో ఆమెకు తెలుసు. బైబిల్ అన్న మాట చెవిన పడగానే గొంతు పెంచింది. "బైబిల్ కాదు, గొడుగు! అది వెళ్ళనంది. కాళ్ళు నొప్పంది. నేనే వెళ్ళమన్నాను. పదిమందిలో నా పరువు కోసం నేనే పంపించాను!"

"నేను వద్దన్నాను. అది వినలేదు. దేవుడి మాట కోసం నవ్వుతూ పరుగెత్తింది" అంది లెపేకా. ఎక్కడ గొంతు వణకాలో అక్కడ వణికించింది.

దాతలు కళ్ళు తుడుచుకున్నారు. తల్లి అంత ఆవేశంగా అరిచి చెప్పడం వాళ్ళనింకా కదిలించింది. ఒక పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఊరివాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. ఎవరి కాళ్ళ దగ్గరి చాపను వాళ్ళు చూసుకున్నారు. సినివా ఇంకో మాట అనేలోపే పాస్టరమ్మ కీర్తన ఎత్తుకుంది, ఊరంతా అందుకుంది. మావాళ్ళు పాడితే ఇంక ఎవరి గొంతూ వినబడదు.

ఆ ఇంట్లో రెండు భాషలూ తెలిసిన మనిషి లెపేకా కాక ఇంకొకరున్నారు. సినివా కారు దగ్గర ఆమెను పట్టుకుంది.

"మీరు విన్నారు కదండీ. నేనేమన్నానో వాళ్ళకి చెప్పండి."

లువీసా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎంత ధైర్యం చేశావు సినివా! నేను నిజంగా..." అని ఆగి కారులో ఎక్కుతున్న దాతల వైపు చూసింది. "వీళ్ళు ఇంకో మూడు ఊళ్ళలో ఈ రాయించే పనికి డబ్బిస్తామంటున్నారు. ఇప్పుడు చెబితే అన్నీ ఆగిపోతాయి. నాకు కొంచెం టైమివ్వు. నువ్వు ఇంటికెళ్ళి ఇదంతా రాసుకో, సరేనా? మనసు తేలికవుతుంది."

కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంట్లో ఎసెతా స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. కోడలు రాగానే ఏడుపు మొదలుపెట్టింది. అంతసేపు ఆపుకున్నట్టుంది.

"గొడుగు అడిగాను. అడిగాను! కాదన్నానా? గొడుగడిగానే కానీ అలను రమ్మన్నానా?"

అత్తగారి ఏడుపు చూసి సినివాకు ఒక్క క్షణం ఆశ కలిగింది. ఈవిడకైనా గొడుగు గుర్తుంది. పిల్ల చేతిలో రొట్టె కూడా గుర్తుండొచ్చు. ఇద్దరం కలిసి కూర్చుని ఏడిస్తే, ఆ పిల్లను ఇద్దరం కాపాడుకోవచ్చు. దగ్గరికెళ్ళి కూర్చోబోయింది.

ఎసెతా కళ్ళు తుడుచుకుంది. "అయినా పంపింది నువ్వు. ఊరంతా విన్నారు. నీ నోటితో నువ్వే చెప్పావు, వెళ్ళమన్నానని. ఇంక నన్ననడానికి లేదు."

ఊరికి గుర్తున్నది కూడా ఆ ముక్కే. గొడుగు మాట ఎవరూ ఎత్తలేదు, లెపేకా మార్చి చెప్పిన సంగతీ ఎత్తలేదు. కన్నతల్లే పంపిందట, తన నోటితో తనే ఒప్పుకుందట అన్నారు. నది దగ్గర బట్టలుతికే చోట ఆమె కూర్చుంటే పక్కవాళ్ళు బట్టలు కొంచెం అవతలికి జరుపుకునేవాళ్ళు. సినివాకు పాత జబ్బు తిరగబెట్టింది. పిల్లకాయలకు అదొక ఆటైపోయింది. చాటు నుంచి "వెళ్ళు" అని అరిచి, ఆమె బిందెతో నిలబడిపోతే ఎంతసేపు నిలబడుతుందోనని పందేలు వేసుకునేవాళ్ళు. ఇప్పుడు కలం పట్టినా ఏమీ రాయలేకపోయింది. తెల్లకాగితం మీద కూడా ఆమెకు ఊరే కనబడింది.

పాస్టరమ్మ మాత్రం ప్రేమగానే మాట్లాడింది. "నీకు విశ్రాంతి కావాలమ్మా. ఇంక నువ్వు చదవక్కర్లేదు. లెపేకా చదువుతుందిలే. ఇంగ్లిషులోనే చదివేస్తుంది, మధ్యలో మార్చి చెప్పే పని కూడా ఉండదు."

ట్యాంకు వచ్చాక దాని ప్రారంభానికి ఇంకో బృందం వచ్చింది. లెపేకా తెల్లబట్టలు కట్టుకుని, చెవిలో పువ్వు పెట్టుకుని చదివింది. ఇంగ్లిషులో "నా కూతురు" అంది. కాగితంలో అలాగే ఉంది మరి, ఆమె మార్చలేదు. వచ్చినవాళ్ళలో ఒక ముసలావిడ లేచివచ్చి లెపేకాను గుండెలకు హత్తుకుని చాలాసేపు వదల్లేదు. లెపేకా కూడా ఏడ్చింది. అన్నిసార్లు చదివాక ఆ ఏడుపు నిజమే అయిపోయి ఉంటుంది. ఎసెతా పక్కన కూర్చుని తల ఊపింది.

సినివా అతిథుల పళ్ళేల దగ్గర కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది. భోజనాల దగ్గర ఆ ముసలావిడ ఆమె ఎదుటే కూర్చుంది. మంచి మనిషి, పనిచేసేవాళ్ళను పలకరించే అలవాటున్న మనిషి. సినివా అందించిన కోకో తాగి, నవ్వి, ఆమె చేతి మీద చెయ్యి వేసి, లెపేకాను ఏదో అడిగింది.

లెపేకా సినివా వంక చూడకుండానే ఒక్క మాటలో జవాబు చెప్పింది. ముసలావిడ జాలిగా నిట్టూర్చి ఇంకేదో అంది.

"ఏమంటున్నారు?" అని అడిగింది సినివా.

"నీకు పిల్లలున్నారా అని అడిగింది. లేరన్నాను" అంది లెపేకా పళ్ళెంలో దుంప తుంచుకుంటూ. "పోనీలే, కూతురు పోయి నాకొచ్చినటువంటి కష్టం నీకు తెలియకుండా గడిచిపోయింది కదా అంటోంది. నీ చెయ్యి పట్టుకుని అలా చూస్తోంది కదా వదినా, మొహం అలా పెట్టకు. నవ్వు."

సినివా నవ్వింది.